గరిక నుంచి వరి దాకా: పురుగుల పంచాంగం

మృగశిర కార్తెలో తొలి వాన గట్టిగా పడితే ఆ సాయంత్రం జనగామ చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో పెద్ద కదలిక మొదలవుతుంది. దీపాలు పెట్టే వేళకు నేలలోంచి గోధుమరంగు పెంకు పురుగులు వందలుగా లేచి గెట్ల మీది వేపచెట్ల మీద వాలతాయి. రాత్రంతా ఆకు తింటాయి, జతకడతాయి, తెల్లవారకముందే మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి. పొద్దున చెలకకు వచ్చిన రైతుకు చిల్లులు పడ్డ వేపాకు తప్ప ఇంకేమీ కనిపించదు. వేపాకు పోతే ఎవరికి బాధ? ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోవాల్సింది అప్పుడే. ఆ పెంకు పురుగులు మట్టిలో పెట్టిన గుడ్లు పది రోజుల్లో పగిలి, తెల్లగా వంకర తిరిగిన వేరు పురుగులు బయటికొస్తాయి. వానాకాలమంతా అవి వేర్లు కొరుకుతూ పెరుగుతాయి. మక్క, జొన్న, పల్లి, మిర్చి, గెట్టు మీది గడ్డి, ఏ వేరైనా వాటికి ఒకటే. మొక్క వాడిపోయి, పట్టి లాగితే వేర్లు లేకుండా చేతికి వచ్చేది ఆగస్టు, సెప్టెంబరులో. అప్పటికి పురుగు బాగా బలిసి, మందు అందని లోతులో ఉంటుంది. చలి మొదలయ్యేసరికి నేలలోనే ప్యూపాగా మారి, పెంకు పురుగై, బయటికి రాకుండా అక్కడే పడుకుంటుంది. మళ్లీ మృగశిర వాన తడి తగిలితేనే లేస్తుంది. ఏడాదికి ఒక్క తరం. ఆ ఏడాది మొత్తంలో అది గుంపుగా మన కంటికి, చేతికి అందేది తొలి వానల తర్వాతి కొద్ది సాయంత్రాలే. వేప కొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయమని శాస్త్రజ్ఞులు చెప్పేది అందుకే. పక్కపక్క చెలకల వాళ్లంతా కలిసి చేస్తే ఆ నాలుగు సాయంత్రాల పని ఏడాది పొడవునా పనిచేస్తుంది.

కార్తెలతో పురుగుల్ని ముడిపెట్టడం మన రైతుకు కొత్త కాదు. ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగుకు కార్తె పేరే పెట్టుకున్నాడు. శాస్త్రం ప్రకారం అది కీటకమే కాదు, ఎనిమిది కాళ్ల నల్లి జాతి జీవి. దాని పిల్లలు మిడతల వంటి వాటికి అంటిపెట్టుకుని వాటి రసం పీలుస్తాయి. అంటే అది రైతు పక్షం. పేరుతో పిలుచుకున్న ఆ ఒక్క జీవి మేలు చేసేదై, పంట తినే వాటికి మాత్రం మనం ఇలాంటి పంచాంగం రాసుకోకపోవడం విచిత్రమే.

ఇక్కడ ఒక చుట్టరికం గుర్తుపెట్టుకోవాలి. గెట్టు మీది గరిక, పొలంలో వరి, చెలకలో మక్క, జొన్న, బళ్ల ఆవరణల్లో పెంచే పచ్చిక, అన్నీ ఒకే గడ్డి కుటుంబం. ఈ కుటుంబాన్ని తినే పురుగులకు ఆహారం ఏడాదిలో ఏ నెలలో దొరుకుతుంది, ఏ నెలలో దొరకదు అన్నదాని మీదే వాటి బతుకు ఆధారపడింది. పాత వరంగల్ జిల్లాలో 2016 అక్టోబర్ 11 దాకా కలిసి ఉన్న జనగామ, మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్, భూపాలపల్లి నేలల్లో ఈ లెక్క మన కళ్లముందే మారిపోయింది. ఒకప్పుడు జనగామ అంటే కరువు. చెరువు నిండితే ఒక పంట, లేకపోతే లేదు. ఎండాకాలం నేలంతా ఎండి బీటలు వారేది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు గండిరామారం, బొమ్మకూరు, చీటకోడూరు జలాశయాల్లోకి వచ్చాయి. మానుకోట వైపు శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ కాలువలు పారుతున్నాయి. భూపాలపల్లికి గోదావరి ఒడ్డే ఉంది, అడవి అంచున చెరువులూ ఉన్నాయి. యాసంగి వరి కోసే నాటికి ఎండాకాలం సగం గడుస్తుంది. ఆకలి తీరింది, సంతోషం. కాని ఎండాకాలపు ఖాళీ నేల మనకు కరువైతే పురుగుకు కూడా కరువే. ఆ కరువు ఇప్పుడు దానికి లేదు.

గడ్డి కుటుంబాన్ని తినే పురుగుల్లో ఎక్కువ చెప్పుకోవాల్సింది వరికి పట్టే ఉల్లికోడు గురించి. దేశంలో ఉల్లికోడు మీద పరిశోధన అంటే ముందు వరుసలో వినిపించే పేర్లలో వరంగల్ ఒకటి. నాటిన మూడు నాలుగు వారాలకు దుబ్బులో ఒక పిలక ఆకు వేయడం మానేసి, వెండి రంగుకు తిరిగిన లేత ఉల్లికాడలా గొట్టంగా లేస్తుంది. దాన్ని తెంపి బొటనవేలి గోటితో నిలువునా చీల్చండి. లోపల డొల్ల. కొన దగ్గర చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో సగం బయటికి వేలాడుతూ పలచని పొర ఒకటి ఉంటే పురుగు అప్పటికే ఎగిరిపోయినట్టు. అది విడిచిన ప్యూపా తోలు అది. రంధ్రం లేకపోతే అడుగున ఎర్రటి పురుగు ఇంకా ఉంటుంది. రైతు చేతిలో ఉన్న గొట్టం పాతదా కొత్తదా అని తేల్చేది ఈ చిన్న పరీక్షే. పొలంలో గొట్టాలన్నీ రంధ్రాలవే అయితే, ఆ తరం వెళ్లిపోయిందన్నమాట. ఆ రోజు చల్లిన గుళికలు ఖాళీ ఇళ్లకు వేసిన తాళాలు.

ఈ గొట్టాన్ని కట్టేది దోమంత ఈగ. ఆడదాని పొట్ట నారింజ ఎరుపులో ఉంటుంది. రెండు మూడు రోజులే బతుకుతుంది. ఆ కొద్ది సమయంలోనే వంద నుంచి రెండు వందల గుడ్లు ఆకుల అడుగున, తొడిమల మీద పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పగిలిన పిల్ల పురుగుకు కాళ్లుండవు. ఆకు మీద తడి పొర ఉంటేనే అది జారుకుంటూ తొడిమల మధ్యకు, అక్కడి నుంచి పిలక పెరిగే మొగ్గ దాకా చేరగలదు. ఎండ కాస్తే దారిలోనే ఎండి చస్తుంది. ఆగస్టు, సెప్టెంబరులో మబ్బు పట్టి, రోజూ తుంపర పడుతూ, ఆకు ఆరకుండా ఉన్న వారాల్లో ఉల్లికోడు ఎగబడేది ఈ కారణంతోనే. మొగ్గను చేరిన పురుగు లాలాజలంతో మొక్క పెరుగుదలనే దారి మళ్లిస్తుంది. ఆకు తొడిమ గొట్టమై పురుగుకు ఇల్లు అవుతుంది. దాదాపు రెండు వారాలు అక్కడే తిని, ప్యూపాగా మారాక ఒంటి మీది ముళ్ల సాయంతో గొట్టం పైకి పాకి, కొనను తొలిచి, ఈగై వెళ్లిపోతుంది. గుడ్డు నుంచి ఈగ దాకా మొత్తం మూడు వారాలు, మహా అయితే కొంచెం ఎక్కువ. గొట్టమైన పిలక ఇక ఈనదు.

అయితే దీనికి ఒక పెద్ద బలహీనత ఉంది. పిలక వేసే దశలోనే ఇది పనిచేస్తుంది. మొగ్గ ఆకులు వేయడం ఆపి లోపల వెన్ను పోసుకోవడం మొదలుపెట్టాక దాన్ని గొట్టంగా మార్చడం పురుగు వల్ల కాదు. చిరుపొట్ట దశ దాటాక ఉల్లికోడుకు మందు కొట్టించే వాళ్లు డబ్బును మడిలో పోస్తున్నట్టే. ముందుగా నాటిన పొలంలో తుంపర వారాలు వచ్చేసరికి పిలకలు వేయడం చాలావరకు అయిపోతుంది. చెరువు ఆలస్యంగా నిండి, ఆగస్టు సగం దాటాక నాటిన పొలంలో లేత పిలకలు, తడి ఆకులు, ముందు పొలాల్లో పెరిగి వచ్చిన ఈగలు ఒకేసారి కలుస్తాయి. ఒకే ఊళ్లో, ఒకే రకం వరిలో, ఒక మడికి ఉల్లికోడు వచ్చి పక్క మడికి రాకపోవడానికి చాలాసార్లు నాటిన తేదీయే కారణం.

వరంగల్ ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఈ ఈగతో దశాబ్దాలుగా పోరాడుతోంది. ఈశ్వరకోర అనే పాత దేశవాళీ రకాన్ని ఎంటీయూ-15తో సంకరం చేసి ఇక్కడ తీసిన డబ్ల్యూ-1263 ప్రపంచవ్యాప్తంగా ఉల్లికోడు పరిశోధనల్లో వాడే రకం. ఎర్రమల్లెలు, పోతన, కావ్య, భద్రకాళి వంటి పేర్లతో పొలాలకెక్కిన వరి రకాలు, ఉల్లికోడును తట్టుకునే సిద్ధి, అంటే డబ్ల్యూజీఎల్-44, అన్నీ వరంగల్‌లో పుట్టినవే. తట్టుకోవడం అంటే పురుగు రాకపోవడం కాదు. ఈగ గుడ్లు పెడుతుంది, పిల్ల మొగ్గ దాకా వస్తుంది. కొన్ని రకాల్లో పురుగు నోరు పెట్టిన చోట మొక్క తన కణాలను తానే చంపుకుని మాడ్చేస్తుంది. తిండి దొరక్క పురుగు మూడు నాలుగు రోజుల్లో చస్తుంది. మరికొన్ని రకాల్లో ఆ మాడిన మచ్చ కూడా కనిపించదు, పురుగు మాత్రం చస్తుంది.

కాని ఈగ కూడా ఊరుకోదు. లక్షల్లో ఒకటి ఆ కట్టడిని దాటే లక్షణంతో పుడుతుంది. ఊరంతా ఒకే రకం వేస్తే మిగతావి చచ్చి ఆ ఒక్కదాని సంతతే మిగులుతుంది. ఏడాదికి ఎన్నో తరాలు కాబట్టి మారడానికి ఎక్కువ కాలం పట్టదు. ఫల్గుణ రకం ఉల్లికోడుకు పెట్టింది పేరుగా ఉండేది. 1986లో శ్రీకాకుళం ప్రాంతంలో దాన్ని తినగలిగే కొత్త తెగ బయటపడింది. శాస్త్రజ్ఞులు దానికి నాలుగో బయోటైప్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత వరంగల్ పొలాల్లో మరింత మొండిది వచ్చింది. దాని పేరు 4ఎం. దేశంలో ఇప్పటిదాకా గుర్తించిన ఏడు బయోటైపుల్లో అది ఒకటి. జగిత్యాలలో ఉన్న తెగ వేరు. అందుకే జగిత్యాలలో నిలబడ్డ రకం వరంగల్‌లోనూ నిలబడుతుందని చెప్పలేం. విత్తన దుకాణంలో 'ఉల్లికోడు రాదు' అని చెబితే, ఏ ఊరి ఉల్లికోడు అని అడగడం రైతు హక్కు.

మన వైపు సైన్యం కూడా ఉంది. ప్లాటీగాస్టర్ అనే నల్లటి కందిరీగ జాతి పరాన్నజీవి ఈగ గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు పురుగు ఒంట్లో ముక్కలై పదుల సంఖ్యలో పిల్లలవుతుంది. గొట్టాన్ని చీల్చినప్పుడు లోపల పురుగు ఉబ్బి, తోలు నిండా చిన్న చిన్న గింజల్లా కనిపిస్తే అది ఈ కందిరీగల నర్సరీ. సీజను చివరికి చాలా గొట్టాల్లో కనిపించేది ఇదే. అప్పుడు మందు కొడితే చచ్చేది మన సైన్యమే.

యాసంగిలో కథ మొగి పురుగుది. పసుపు రంగు రెక్కల పురుగు, ఆడదైతే ముందు రెక్క మీద ఒక్కో నల్ల చుక్క. ఆకు కొనల దగ్గర గుడ్లు కుప్పగా పెట్టి, తన పొట్ట చివరి వెంట్రుకలు కప్పుతుంది. వారం లోపు పిల్లలు లేచి సన్నటి దారానికి వేలాడుతూ గాలికి పక్క దుబ్బులకు చేరతాయి. ఒక్కో కాండంలో ఒక్కోటి దూరుతుంది. పిలక దశలో దూరితే మొవ్వు ఎండుతుంది. ఈనే దశలో దూరితే తెల్ల కంకి. మొవ్వు పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది, అడుగున కొరికిన గుర్తు ఉంటుంది. మొవ్వు ఎండితే మొక్క ఇంకో పిలక వేసుకుని కొంత సర్దుకుంటుంది. తెల్ల కంకికి మాత్రం పరిహారం లేదు. మార్చిలో పొలం గట్టున నిలబడి తెల్ల కంకులు చూసి మందుల దుకాణానికి పరుగెత్తే రైతుకు దుకాణదారు ఏదో ఒకటి ఇస్తాడు. ఆ కంకుల్ని పచ్చగా చేసే మందు ఏ కంపెనీ దగ్గరా లేదు.

మొగి పురుగును పట్టుకోగలిగే చోట్లు రెండు. మొదటిది నారుమడి. గుడ్ల కుప్పలు ఆకు కొనల్లో ఉంటాయి కాబట్టి నాటేముందు నారు కొనలు తుంచేస్తే గుడ్లు గట్టు మీదే పోతాయి. పైసా ఖర్చులేని ఈ పని మిషన్‌తో నాటే చోట్ల, వెదజల్లే పద్ధతిలో చేయడానికి వీలుండదు. అక్కడ ఎకరాకు మూడు లింగాకర్షక బుట్టలు పెట్టి మగ రెక్కల పురుగుల్ని లెక్కపెట్టడం మేలు. చదరపు మీటరుకు ఒక తల్లి పురుగు గాని ఒక గుడ్ల కుప్ప గాని కనిపిస్తే చర్య తీసుకోవాలన్నది శాస్త్రజ్ఞులు చెప్పే హద్దు. రెండోది కొయ్యకాళ్లు. కోతకొచ్చే సమయానికి పురుగు కాండం లోపల కిందికి జారి, నేలకు దగ్గరగా మొదట్లో కూర్చుంటుంది. హార్వెస్టర్ జానెడు ఎత్తున కోసి పోతుంది, పురుగు కిందే మిగులుతుంది. వరి తప్ప వేరే తిండి దాదాపుగా ఎరగని ఈ పురుగుకు వానాకాలం, యాసంగి మధ్య వంతెన ఆ కొయ్యకాలే. తగలబెడితే పైన ఆకు కాలుతుంది, నేల అంచున ఉన్న పురుగు చాలావరకు మిగులుతుంది, మట్టిలోని మేలు చేసే జీవాలు మాత్రం మాడతాయి. దున్ని నీళ్లు పెట్టి కుళ్లబెడితేనే పురుగు చస్తుంది.

సుడిదోమ గురించి రెండు మాటలు చాలు. యూరియా ఎక్కువై, దుబ్బులు ఒత్తుగా పెరిగి, గాలి ఆడని మడిలో నీటి అంచున అది చేరుతుంది. తిండి ఉన్నంతకాలం పొట్టి రెక్కల ఆడవి పుడతాయి. అవి ఎగరవు, గుడ్లు పెట్టడమే పని. మొక్క వాడుతుంటే పొడవు రెక్కలవి పుట్టి వలసపోతాయి. మడి నడుమ గుండ్రంగా మాడిన మచ్చ కనిపించేసరికి కొత్త తరం రెక్కలు కట్టుకుంటూ ఉంటుంది. కనపడ్డ ప్రతిదానికీ సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే దోమను తినే సాలీళ్లు, నల్లులు చచ్చి దోమ రెట్టింపవుతుంది. ఇండొనేషియా ఈ పాఠం ఖరీదుగా నేర్చుకుంది. 1986లో ఆ దేశ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. మన దగ్గర నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు ఒక జానెడు కాలిబాట వదిలితే దోమకు ఇష్టమైన ఆ ఉక్కపోత ఉండదు. కాలిబాట వదిలితే దిగుబడి తగ్గుతుందన్న భయంతో చాలామంది వదలరు. పక్క దుబ్బులకు గాలి, వెలుతురు ఎక్కువ తగిలి ఆ లోటు పూడుతుంది.

మానుకోట మక్క చేన్లకు 2018లో కొత్త అతిథి వచ్చింది, కత్తెర పురుగు. ఆ ఏడాది మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో మొదట కనపడి, నెలల్లోనే తెలంగాణకు చేరింది. తల మీద తలకిందులైన వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు, సుడిలో రంపపు పొట్టు లాంటి విసర్జన, ఇవి చూస్తే ఇంకేం అనుమానించక్కరలేదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. అక్కడ ఇది మక్కతో పాటు ఇళ్ల ముందరి పచ్చికను కూడా మేస్తుంది. 2021లో అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో పచ్చికలు రాత్రికి రాత్రి గోధుమరంగుకు తిరిగాయి. ఓహాయోలో, టెక్సాస్‌లో లాన్ పెంచుకునే మన తెలుగువాళ్లలో కొందరికి ఈ పురుగు అక్కడే పరిచయమై ఉంటుంది.

ఒకే పురుగు రెండు చోట్ల రెండు పంచాంగాలతో బతుకుతుంది. ఇది చలికి నిద్రపోవడం తెలియని జాతి. మంచు పడితే చస్తుంది. అందుకే ఉత్తర అమెరికాలో ఫ్లోరిడా, దక్షిణ టెక్సాస్ వంటి వెచ్చటి చోట్ల మాత్రమే చలికాలం గడిపి, ఏటా కొత్తగా ఉత్తరానికి వలస వెళ్తుంది. అక్కడి పచ్చిక యజమాని ఆగస్టు, సెప్టెంబరు దాకా కాస్త నిశ్చింతగా ఉండొచ్చు. మన దగ్గర మంచు పడదు. వేడిలో నెల రోజుల్లో తరం పూర్తి చేసేది చల్లటి నెలల్లో రెండు నెలలు తీసుకోవచ్చు గాని, ఆగదు. వానాకాలం మక్క తీసి వెంటనే యాసంగి మక్క వేసే ఊళ్లలో అది ఇల్లు మారనక్కరలేదు. ఒక్క ఆడది వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మొదటి కొద్ది రోజుల్లో ఆకును గీకి తెల్ల పొరలు చేస్తాయి. చేను చూడాల్సింది అప్పుడు. సుడి లోపలికి దిగి, విసర్జనతో పైన మూత వేసుకున్నాక ఏ మందూ సరిగా తగలదు. నేలలో రెండు మూడు అంగుళాల లోతున ప్యూపాగా మారుతుంది కాబట్టి ఎండాకాలం దుక్కి ఇక్కడా పనిచేస్తుంది. మట్టి తిరగబడితే కొంగలు, మైనాలు ట్రాక్టర్ వెంటే నడిచి ఏరుకుంటాయి.

పురుగు బలహీనంగా ఉన్న వారం మన పంట బాగా కనిపించే వారమే కావడం వీటన్నిటిలో ఉమ్మడి చిక్కు. నష్టం కంటికి కనిపించేనాటికి దాని పని ముగింపుకొస్తుంది. అమెరికా గోధుమ రైతులకు ఉల్లికోడు ఈగకు దగ్గరి చుట్టమైన హెస్సియన్ ఈగ బెడద ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు ప్రాంతం వారీగా ఒక తేదీ లెక్కకట్టారు. ఆ తేదీ దాకా ఎవరూ శీతాకాలపు గోధుమ విత్తకపోతే ఈగలు గుడ్లు పెట్టడానికి మొలక దొరక్క చచ్చిపోతాయి. మందు లేకుండా, కేవలం ఉమ్మడి తేదీతో పురుగును అదుపు చేసిన పద్ధతి అది. వరంగల్ శాస్త్రజ్ఞులు ఉల్లికోడుకు ముందుగా నాటమని చెప్పేది కూడా తేదీ మాటే, దిశ మాత్రం తిరగబడింది.

ఇక్కడే అసలు అడ్డంకి. మందు ఎవరికి వారు కొట్టుకోవచ్చు. తేదీ మాత్రం ఊరంతా కలిస్తేనే పనిచేస్తుంది. ఒక కాలువ కింద పది మంది కొయ్యకాళ్లు దున్ని ఒకరు వదిలేస్తే, ఆ ఒక్కరి మడిలో లేచిన రెక్కల పురుగులు మిగతా పది మడులకూ చాలు. నీళ్లు వదిలే తేదీ నిర్ణయించే అధికారులు, ఆయకట్టు రైతులు, ట్రాక్టర్ల వాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే తప్ప ఇది కుదరదు. ఎండాకాలపు ఖాళీని ప్రకృతి ఇవ్వడం మానేసింది కాబట్టి మనమే తయారు చేసుకోవాలి. యాసంగి కోతలయ్యాక, రోహిణి కార్తె ఎండలు పోకముందే మీ కాలువ కింద చివరి మడి దాకా కొయ్యకాళ్లు దున్నించండి. మీ ఒక్కరి మడి దున్నించి ఊరుకోకుండా పక్క రైతును కూడా ఒప్పించండి.